పల్నాడు ఎండకు 3 కిలోవాట్లు: మోనో ప్యానెళ్లా, అమార్ఫస్ థిన్ ఫిల్మా?

పల్నాడు_డాబా (ప్రశ్న)

నరసరావుపేట దగ్గర ఇంటి డాబా మీద 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపే) సోలార్ పెట్టాలి. ఖాళీ స్థలం సుమారు 450 చదరపు అడుగులు. పడమటి మూల వాటర్ ట్యాంక్ ఉంది.

ఒక డీలర్ దగ్గర ఇంతవరకు వాడని అమార్ఫస్ సిలికాన్ ప్యానెళ్లు 30 ఉన్నాయి. వాట్ లెక్కన మోనో (ఒకే స్ఫటిక సిలికాన్) ధరలో సగం కూడా లేదు. నేమ్‌ప్లేట్ మీద ఉన్నది ఇది: 100 వాట్లు, ఓపెన్ సర్క్యూట్ 98 వోల్టులు, షార్ట్ సర్క్యూట్ 1.65 ఆంపియర్లు, గరిష్ఠ పవర్ దగ్గర 75 వోల్టులు, 1.33 ఆంపియర్లు. సైజు 1.4 × 1.1 మీటర్లు, బరువు 25 కిలోలు. రెండు వైపులా అద్దమే, ఫ్రేమ్ లేదు.

ఎండ ముదిరితే మోనో పడిపోతుందనీ, ఇది పడదనీ, నీడలోనూ పనిచేస్తుందనీ డీలర్ అంటున్నారు. మే నెలలో ఇక్కడ 44 దాటుతుంది కాబట్టి ఆ మాట తేలిగ్గా తీసెయ్యలేకపోతున్నాను. అందులో నిజం ఎంత? వీటికి ఏ ఇన్వర్టర్ సరిపోతుంది? ఇంకొక సందేహం కూడా. అమార్ఫస్ పొర మైక్రాన్‌లో మూడో వంతు మందం ఉంటే వెలుతురును పీల్చుకోవడానికి చాలట, మోనోకు 150 మైక్రాన్ల వేఫర్ (సిలికాన్ బిళ్ల) కావాలట. అంత బాగా పీల్చుకునే పదార్థం 6.5% దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

సన్నపొర

చివరి సందేహం నుంచి మొదలుపెడతాను. పీల్చుకోవడం వేరు, పీల్చుకున్నదాన్ని కరెంటుగా బయటికి తీయడం వేరు.

స్ఫటిక సిలికాన్‌లో పరమాణువులు వరస తప్పకుండా ఉంటాయి. ఆ వరస వల్లే ఎలక్ట్రాన్ కరెంటుగా కదలగలిగే పై శక్తి స్థాయికి ఎక్కాలంటే ఫోటాన్ (వెలుతురు కణం) శక్తి ఒక్కటే చాలదు, స్ఫటిక కంపనం సాయం కూడా కావాలి. అందుకే వెలుతురు లోపలికి చాలా దూరం వెళ్తే గానీ పూర్తిగా ఇంకదు. అమార్ఫస్‌లో వరస లేదు కాబట్టి ఆ నిబంధన సడలిపోతుంది. నారింజ రంగు వెలుతురు దగ్గర (600 నానోమీటర్లు) అమార్ఫస్ సుమారు పది రెట్లు గట్టిగా పీల్చుకుంటుంది. 0.3 మైక్రాన్ చాలడానికి కారణం అదే.

నష్టం రెండు చోట్ల ఉంది. స్ఫటిక సిలికాన్ బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ ఆ పై స్థాయికి ఎక్కడానికి కావలసిన కనీస శక్తి) 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు, కాబట్టి 1100 నానోమీటర్ల దాకా ఉన్న పరారుణాన్ని వాడుకుంటుంది. అమార్ఫస్‌ది 1.7 పైన. 750 నానోమీటర్లు దాటిన వెలుతురు దానికి లేనట్టే, అద్దంలోంచి వెళ్లినట్టు వెళ్లిపోతుంది. రెండోది లోపాలు. వరస లేని చోట జత దొరకని బంధాలు మిగులుతాయి, ఎలక్ట్రాన్లు అక్కడ చిక్కుకుంటాయి. సుమారు 10 శాతం హైడ్రోజన్ కలిపితే ఆ బంధాలు చాలావరకు మూసుకుంటాయి. అందుకే మనం అమార్ఫస్ అనేదంతా నిజానికి హైడ్రోజనేటెడ్ అమార్ఫస్ సిలికానే. అంత చేసినా విద్యుదావేశాలు మైక్రాన్‌లో కొద్ది భాగం మాత్రమే నడవగలవు. పొర మందం పెంచి ఎక్కువ వెలుతురు పట్టుకుందామంటే పుట్టిన ఆవేశాలు దారిలోనే పోతాయి.

అంకెల్లో చూడండి. మంచి అమార్ఫస్ సెల్: 0.88 వోల్టులు, చదరపు సెంటీమీటరుకు 16 మిల్లీఆంపియర్లు, ఫిల్ ఫ్యాక్టర్ (ఆ వోల్టేజ్, కరెంటుల లబ్ధంలో నిజంగా పవర్‌గా దక్కే వంతు) 0.67. గుణిస్తే 9.4%. మామూలు మోనో రకమైన పెర్క్ సెల్: 0.69 వోల్టులు, 41 మిల్లీఆంపియర్లు, 0.82. గుణిస్తే 23.2%. వోల్టేజ్ అమార్ఫస్‌దే ఎక్కువ అయినా కరెంటు సగం కూడా లేదు. మాడ్యూల్‌గా, అంటే పూర్తి ప్యానెల్‌గా చేశాక మీ నేమ్‌ప్లేట్ అంకెలు ఇంకా తగ్గుతాయి: 100 ÷ (98 × 1.65), ఫిల్ ఫ్యాక్టర్ 0.62.

పైగా ఆ ఉన్న సామర్థ్యం కూడా మొదటి రోజుది కాదు. అమెరికన్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఆర్‌సీఏ ప్రయోగశాలలో కార్ల్‌సన్, రాన్‌స్కీ 1976లో 2.4% సామర్థ్యంతో తొలి అమార్ఫస్ సెల్ ప్రకటించారు. ఆ మరుసటి ఏడాదే స్టేబ్లర్, రాన్‌స్కీ కలిసి దాని పెద్ద బలహీనతను బయటపెట్టారు: వెలుతురు పడేకొద్దీ లోపాలు పెరుగుతాయి. ఎండలో మొదటి వెయ్యి గంటల్లో 10 నుంచి 30 శాతం పడిపోయి అక్కడ నిలబడుతుంది. 150 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాలిస్తే తిరిగి వస్తుంది గానీ డాబా మీద ఆ పని కాదు. ఎండాకాలం ప్యానెల్ వేడికే కొంచెం కోలుకుని, చలికాలంలో మళ్లీ దిగుతుంది.

వోల్ట్_లెక్క

వేడి సంగతి అంచనా మీద వదలకుండా లెక్క వేద్దాం.

సెల్ వేడి = బయటి వేడి + (నోక్ట్ − 20) ÷ 800 × ఎండ తీవ్రత. నోక్ట్ అంటే డేటాషీట్‌లో ఇచ్చే మామూలు పనివేళ సెల్ ఉష్ణోగ్రత, చాలా ప్యానెళ్లకు 45 డిగ్రీలు. బయట 42 డిగ్రీలు, చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ అనుకుంటే సెల్ 73 డిగ్రీలకు చేరుతుంది. పరీక్ష షరతు 25 డిగ్రీలు కాబట్టి తేడా 48.

పెర్క్ మోనో డిగ్రీకి 0.35% పడుతుంది: 48 × 0.35 = 16.8% నష్టం. టాప్‌కాన్ (మోనోలోనే కొత్త రకం) 0.30%: 14.4%. అమార్ఫస్ 0.22% దగ్గర: 10.6%. అంటే డీలర్ చెప్పినట్టు అసలు పడకపోవడం లేదు, తక్కువ పడుతుంది. పల్నాడులో ఏడాదిలోకెల్లా ఘోరమైన గంటలో కూడా అమార్ఫస్‌కు దక్కే మొగ్గు 6 శాతం. ఏడాది పొడవునా ఎండ ఉన్న గంటల్లో సెల్ సగటున 50–55 డిగ్రీలు ఉంటుందనుకుంటే అది 3–4 శాతానికి దిగుతుంది. టాప్‌కాన్‌తో పోలిస్తే ఇంకా తక్కువ.

ఇక ఈ 3–4 శాతం కోసం ఏం ఇస్తున్నారో చూడండి. 30 ప్యానెళ్లు × 1.54 = 46 చదరపు మీటర్లు, అంటే 497 చదరపు అడుగులు. మీ ఖాళీ 450. మధ్యలో నడవడానికి దారి వదలకముందే చోటు అయిపోయింది. మోనో అయితే 540 వాట్లవి (2278 × 1134 మిల్లీమీటర్లు) ఆరు చాలు: 3.24 కిలోవాట్లు, 15.5 చదరపు మీటర్లు, 167 అడుగులు. బరువు 750 కిలోలకు బదులు 170 దగ్గర. స్ట్రక్చర్ ఇనుము, క్లాంపులు, కేబుల్, కూలి అన్నీ స్థలాన్ని బట్టి పెరుగుతాయి, వాట్‌ను బట్టి కాదు. ప్యానెల్ మీద మిగిలిందంతా, ఇంకా కొంత కలిసి, స్ట్రక్చర్‌లోకే పోతుంది.

సబ్సిడీ సంగతి కూడా గుర్తుంచుకోండి. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు వస్తాయి. దానికి సెల్, మాడ్యూల్ రెండూ మన దేశంలో తయారై ఉండాలి, మాడ్యూల్ ప్రభుత్వం ఆమోదించిన జాబితాలో ఉండాలి. లేబుల్ మీద స్ఫటిక ప్యానెళ్లకు ఐఎస్ 14286, థిన్ ఫిల్మ్‌కు ఐఎస్ 16077 ఉంటుంది. ఆ నంబరే లేని సరుకు గ్రిడ్ కనెక్షన్‌కు తీసుకెళ్లకండి.

ఆన్‌గ్రిడ్_పనిమంతుడు

ఇన్వర్టర్ గురించి ఎవరూ చెప్పలేదు. నా దృష్టిలో ఈ సరుకును డాబా ఆన్‌గ్రిడ్‌కు పనికిరాకుండా చేసేది అదే, స్థలం కన్నా ముందు.

ఈ ప్యానెళ్లలో ముందు అద్దం లోపలి వైపున టిన్ ఆక్సైడ్ పారదర్శక పొర ఉంటుంది, కరెంటు దాని గుండానే నడుస్తుంది. ప్యానెల్ భూమికన్నా నెగటివ్ వోల్టేజ్‌లో ఉంటే అద్దంలోని సోడియం అయాన్లు ఆ పొర వైపు కదులుతాయి. అంచుల్లోంచి తేమ తోడైతే ఆ పొర అద్దం నుంచి ఊడుతుంది. మొదట అంచుల దగ్గర పాలరంగు చారలు కనిపిస్తాయి, తరవాత అవి లోపలికి పాకుతాయి. అది బాగయ్యే జబ్బు కాదు. స్ఫటిక ప్యానెళ్లలో వోల్టేజ్ వల్ల వచ్చే పీఐడీ నష్టాన్ని రాత్రిపూట ఎదురు వోల్టేజ్ ఇచ్చి చాలావరకు తిప్పుకోవచ్చు, దీన్ని తిప్పలేం.

తప్పించుకునే దారి ఒకటే: డీసీ నెగటివ్‌ను ఎర్త్ చేయాలి, అప్పుడు మొత్తం స్ట్రింగ్ (సిరీస్‌లో కలిపిన ప్యానెళ్ల వరస) పాజిటివ్ వైపే ఉంటుంది. అందుకు లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండి డీసీ, ఏసీ వేరుగా ఉండే ఇన్వర్టర్ కావాలి. ఇప్పుడు షాపుల్లో దొరికే 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్లు దాదాపు అన్నీ ట్రాన్స్‌ఫార్మర్ లేనివే. వాటిలో నెగటివ్ ఎర్త్ చేస్తే గ్రౌండ్ ఫాల్ట్ చూపించి ఆగిపోతాయి, ఇంకా గట్టిగా చేస్తే కాలిపోతాయి. పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం వెతికి తెచ్చినా సర్వీసుకు ఎవరూ ఉండరు.

స్ట్రింగ్ లెక్క కూడా చూడండి. కొత్త ప్యానెల్ వోల్టేజ్ నేమ్‌ప్లేట్ కన్నా 5% ఎక్కువ అనుకోండి, డిసెంబరు తెల్లవారుజామున ఇంకో 4–5% కలుస్తుంది. 98 కాస్తా 107 అవుతుంది. 600 వోల్టుల ఇన్వర్టర్‌కు ఐదే సిరీస్‌లో వేయగలరు, అంటే ఆరు స్ట్రింగులు సమాంతరంగా. ఒక స్ట్రింగ్‌లో లోపం వస్తే మిగతా ఐదూ కలిసి 8.25 ఆంపియర్లు దానిలోకి వెనక్కి తోస్తాయి. 1.65 ఆంపియర్ల ప్యానెల్ దాన్ని మోయలేదు. నేమ్‌ప్లేట్ మీద గరిష్ఠ ఫ్యూజ్ విలువ చూసి ప్రతి స్ట్రింగ్‌కూ డీసీ ఫ్యూజ్ వేసి, అన్నిటినీ ఒకచోట కలిపే కాంబైనర్ బాక్స్ పెట్టాలి. ఆరు మోనో ప్యానెళ్లయితే ఒకే స్ట్రింగ్, ఫ్యూజ్ కాంబైనర్ అవసరమే లేదు. 540 వాట్ల ఆరింటికి పనిచేసే వోల్టేజ్ 250 దగ్గర, మే మధ్యాహ్నం 205–210కి దిగుతుంది. ఇన్వర్టర్ స్టార్ట్ వోల్టేజ్, ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి గరిష్ఠ పవర్ లాగే భాగం) పరిధి కింది హద్దు దానికి కిందుగా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఫ్రేమ్ లేని గాజు ప్యానెళ్లకు రబ్బరు ఉన్న ప్రత్యేక క్లాంపులే వాడాలి. మామూలు అల్యూమినియం క్లాంప్‌తో బిగిస్తే ఆ రోజు ఏం కాదు, మొదటి ఎండాకాలానికి అంచున చీలిక వస్తుంది.

పల్నాడు_డాబా

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలండి. రెండు ప్రశ్నలు మిగిలాయి. డీలర్ ఒక ప్యానెల్‌ను ఎండలో పెట్టి మల్టీమీటర్‌తో చూపించారు, 99 వోల్టులు వచ్చింది. అంటే బాగున్నట్టేనా? ట్యాంక్ నీడ విషయంలోనైనా అమార్ఫస్ మేలా?

సన్నపొర

ఆ 99 వోల్టులు ఏమీ చెప్పవు. వెలుతురు వల్ల వచ్చే క్షీణత ఎక్కువగా ఫిల్ ఫ్యాక్టర్‌ను తింటుంది, ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ పెద్దగా కదలదు. సగం చచ్చిన ప్యానెల్ కూడా మీటర్ మీద 95 చూపిస్తుంది.

లోడ్ మీద చూడాలి. 75 ÷ 1.33 = 56 ఓములు. 56 ఓముల, 200 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ ఒకటి తెచ్చి ప్యానెల్‌కు కలపండి. రెసిస్టర్ ముట్టుకోలేనంత వేడెక్కుతుంది, సిమెంటు దిమ్మె మీద పెట్టండి. మబ్బు లేని రోజు 11:30–12:30 మధ్య దాని మీది వోల్టేజ్ కొలిస్తే, వోల్టేజ్ వర్గాన్ని 56తో భాగించినది పవర్. ఎండ రోజుకొకలా ఉంటుంది కాబట్టి పక్కనే అదే వాలులో ఒక చిన్న మోనో ప్యానెల్ పెట్టి దాని షార్ట్ సర్క్యూట్ కరెంటును కొలబద్దగా వాడండి. ఆ కరెంటు 5% లోపు కలిసిన రోజులనే పోల్చండి.

ఇంతవరకు ఎండ చూడని ప్యానెల్ మొదటి రోజు నేమ్‌ప్లేట్ కన్నా 15–20 శాతం ఎక్కువే ఇవ్వాలి, ఎందుకంటే నేమ్‌ప్లేట్ మీద రాసేది స్థిరపడిన విలువ. సెల్ 65 డిగ్రీల దగ్గర ఉంటే వేడికి 9 శాతం తీసేసి, సుమారు 107 వాట్లు, అంటే 77 వోల్టులు. ఆ రెసిస్టర్ మీదే ఎండలో వదిలేసి వారానికోసారి చూడండి. 71–72 వోల్టుల దగ్గర ఆగితే నిజాయితీ సరుకు. 65కు దిగితే 75 వాట్లే మిగిలినట్టు. అంతర్జాతీయ పరీక్షలో చదరపు మీటరుకు 43 కిలోవాట్ అవర్ల ఎండ చొప్పున వరస విడతలు ఇచ్చి, పవర్ మార్పు 2 శాతం లోపు వచ్చేదాకా ఆపరు. మన ఎండకు ఒక్కో విడత ఎనిమిది రోజుల పైమాటే. కాబట్టి ఒక్క మధ్యాహ్నం చూసి కొనే వస్తువు కాదు ఇది.

ఇంకొకటి. ఈ రకం కొత్తగా తయారవడం దాదాపు ఆగిపోయింది. 2008లో వేఫర్ల ముడిసరుకైన పాలీసిలికాన్ కిలో 400 డాలర్లు దాటినప్పుడు వేఫర్ అక్కర్లేని దారిగా అందరూ దీని వైపు చూశారు. గ్రేటర్ నోయిడాలో మోసర్ బేర్ కూడా లైన్ పెట్టింది. పాలీసిలికాన్ ధర కూలాక ఆ యంత్రాలమ్మే అప్లైడ్ మెటీరియల్స్ 2010లోనే ఆ వ్యాపారం నుంచి తప్పుకుంది. కాబట్టి మీకు చూపించిన వాటి తయారీ తేదీ అడగండి. పదేళ్లు గోడౌన్‌లో ఉన్న ప్యానెల్‌కు ఎండ తగలకపోయినా అంచు సీలు, జంక్షన్ బాక్స్ జిగురు ముదిరిపోతాయి.

వోల్ట్_లెక్క

నీడ గురించి: అది సగం నిజం. అమార్ఫస్ ప్యానెల్‌లో సెల్స్ సన్నటి పట్టీలు. మీ 98 వోల్టుల ప్యానెల్‌లో 110 దాకా పట్టీలు, ఒక్కోటి సెంటీమీటరు పైచిలుకు వెడల్పు, మీటరు పొడవు ఉంటాయి. నీడ అన్ని పట్టీలకూ అడ్డంగా పడి ఒక్కోదాంట్లో పదో వంతు మూస్తే పదో వంతు పవరే పోతుంది. అదే నీడ పట్టీ పొడవునా పడి ఒక పట్టీని పూర్తిగా మూస్తే మొత్తం ప్యానెల్ కరెంటు ఆగిపోతుంది, ఎందుకంటే పట్టీ పట్టీకీ బైపాస్ డయోడ్ (ఆగిన సెల్‌ను దాటించి కరెంటుకు పక్కదారి ఇచ్చేది) ఉండదు. అందుకే పట్టీలు వాలు వెంట నిలువుగా ఉండేలా బిగించాలి, కింది అంచున చేరే దుమ్ము అప్పుడు అన్నిటినీ సమానంగా కప్పుతుంది.

మోనోలో 144 సగం సెల్స్, మూడు డయోడ్లు, పై సగం కింది సగం వేర్వేరు. ట్యాంక్ నీడ సాయంత్రం కింది సగం మీద మాత్రమే పడేలా అమర్చితే పై సగం పనిచేస్తూనే ఉంటుంది. ఆరు ప్యానెళ్లే కాబట్టి 450 అడుగుల్లో తూర్పుకు జరిపి ఆ నీడను పూర్తిగా తప్పించుకునే వీలు మీకు ఉంది. మోనోకు అసలు శత్రువులు వేరు: కాకి రెట్ట ఒక సెల్‌ను నెలల తరబడి కప్పి హాట్‌స్పాట్ (ఆ సెల్ ఒక్కటే కాలిపోయేంత వేడెక్కడం) తేవడం, కడిగేటప్పుడు ప్యానెల్ మీద కాలు వేయడం. కాలు వేస్తే కంటికి కనపడని పగులు వస్తుంది, అది రెండు మూడేళ్ల తరవాత పవర్‌లో కనిపిస్తుంది.

వేఫర్_విభాగం

అమార్ఫస్ పోయిందని మాత్రం అనుకోకండి. చోటు మారింది. వేడికి తక్కువ పడే ప్యానెల్ కావాలనేదే మీ కోరికైతే హెటెరోజంక్షన్ రకం చూడండి. అందులో మోనో వేఫర్‌కు రెండు వైపులా 5–10 నానోమీటర్ల హైడ్రోజనేటెడ్ అమార్ఫస్ పొర వేస్తారు. వేఫర్ ఉపరితలం మీద జత దొరకని బంధాలను ఆ హైడ్రోజన్ మూసేస్తుంది, దాంతో సెల్ వోల్టేజ్ 0.74 దాకా ఎక్కుతుంది. వోల్టేజ్ ఎంత ఎక్కువైతే వేడికి అంత తక్కువ పడుతుంది: డిగ్రీకి 0.24–0.26%. పైన వేసిన లెక్కలోనే పెడితే 73 డిగ్రీల దగ్గర నష్టం 12 శాతం, అమార్ఫస్‌కు దగ్గర్లోనే, అదీ 22% సామర్థ్యంతో.

సాన్యో 1997లో వీటిని అమ్మకానికి తెచ్చింది, కనెకా 2017లో ఇదే పద్ధతిలో 26.7% సెల్ చేసింది. మెలకువ ఏమిటంటే 200–250 డిగ్రీలు దాటితే ఆ సన్న పొర నుంచి హైడ్రోజన్ వెళ్లిపోతుంది. వెండి పేస్టు నుంచి రిబ్బన్ అతికించడం దాకా అన్నీ తక్కువ వేడిలో చేయాలి, అందుకే ధర ఎక్కువ. మీ 3 కిలోవాట్లకు టాప్‌కాన్ చాలు. ఆ 2 శాతం కోసం ఎక్కువ పెట్టక్కర్లేదు.

కాలిక్యులేటర్లు, గోడ గడియారాల్లాంటి గదిలో పనిచేసే వస్తువుల్లో అమార్ఫస్ ఇప్పటికీ సరైన ఎంపికే. ట్యూబ్‌లైటు, ఎల్‌ఈడీ వెలుతురంతా 750 నానోమీటర్ల లోపే ఉంటుంది కాబట్టి అక్కడ పరారుణం పోయిందన్న బాధ లేదు. 200 లక్స్ దగ్గర చదరపు సెంటీమీటరుకు 4–5 మైక్రోవాట్లు వస్తాయి.

పల్నాడు_డాబా

డాబాకు టాప్‌కాన్ ఖాయం చేస్తున్నాను. డీలర్ నాలుగు ప్యానెళ్లయినా తీసుకోమంటున్నారు. పొలం దగ్గర గొడ్ల చావడిలో 24 వోల్టుల బ్యాటరీతో లైట్లు, ఒక ఫ్యాన్ నడపాలి. అక్కడ స్థలానికి కొదవ లేదు. అక్కడైనా వాడొచ్చా?

ఆన్‌గ్రిడ్_పనిమంతుడు

వాడొచ్చు, పైన చెప్పిన రెసిస్టర్ పరీక్షలో నెగ్గితే.

పీడబ్ల్యూఎం కంట్రోలర్ మాత్రం వద్దు. అది ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజ్‌కు లాగేస్తుంది. 75 వోల్టుల ప్యానెల్‌ను 27 వోల్టులకు లాగితే 100 వాట్లలో సగం కూడా రావు. 150 వోల్టులు తట్టుకునే ఎంపీపీటీ కంట్రోలర్ తీసుకోండి. నాలుగూ సమాంతరంగానే, సిరీస్‌లో రెండు వేస్తే 214 వోల్టులు దాటి కంట్రోలర్ పోతుంది. 400 వాట్లకు బ్యాటరీ వైపు 15 ఆంపియర్లు వస్తాయి, 20 ఆంపియర్లది సరిపోతుంది. మొదటి కొన్ని వారాల అదనపు పవర్ కూడా అందులోనే సర్దుకుంటుంది. ఒక ప్యానెల్ పాడైతే మిగతా మూడింటి నుంచి 5 ఆంపియర్లు వెనక్కి వస్తాయి కాబట్టి ప్రతిదానికీ డీసీ ఫ్యూజ్ వేయండి.

ఎర్తింగ్ ఇక్కడ సులువు. కరెంటు లేనప్పుడు, ప్యానెల్, బ్యాటరీ తీగలు తీసేసి, కంట్రోలర్ ప్యానెల్ నెగటివ్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య మీటర్‌తో కంటిన్యూటీ చూడండి. బీప్ వస్తే రెండూ ఒకటే, బ్యాటరీ నెగటివ్‌ను ఒక్కచోట ఎర్త్ రాడ్‌కు కలిపితే టిన్ ఆక్సైడ్ పొర కూడా భద్రం. రాకపోతే అది కామన్ పాజిటివ్ రకం కావచ్చు, దాన్ని వెనక్కిచ్చి వేరేది తీసుకోండి. పట్టీలు నిలువుగా, వాలు 15 డిగ్రీలు దక్షిణానికి, గొడ్లు రాసుకోని ఎత్తులో బిగించండి.